ఇన్యో కౌంటీలో కంచెల మీద లాస్ ఏంజెలెస్ పేరు ఎందుకు?

మీ ప్రశ్న చదివాను. లాస్ ఏంజెలెస్‌లో శాన్ ఫెర్నాండో వ్యాలీ వైపు ఉంటున్నారు. లాంగ్ వీకెండ్‌కి పిల్లలతో డెత్ వ్యాలీ చూసి 395 హైవే మీదుగా తిరిగొచ్చారు. దారి పొడవునా పచ్చిక బీళ్ళు, వాగులు, వెనకాల మంచుకొండలు ఉన్నాయి గానీ ఊళ్ళు మాత్రం ఎక్కడో ఒకటి కనిపించాయి. కంచెలకి తగిలించిన బోర్డుల మీద లాస్ ఏంజెలెస్ సిటీ పేరుంది. సిటీకి 200 మైళ్ళ దూరంలో సిటీ భూములేమిటి, ఇంత నీరున్న చోట జనం ఎందుకు లేరు, అసలీ ఇన్యో కౌంటీ కథేమిటి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీ ఇంటి కుళాయిలో వచ్చే నీళ్ళలో కొంత అక్కడివే. ఆ నీళ్ళ కోసమే సిటీ ఆ భూములన్నీ కొనేసింది. కొన్న తర్వాత అక్కడ ఊళ్ళు పెరగనివ్వాల్సిన అవసరం సిటీకి లేకపోయింది. నేను ఈ రాష్ట్రంలో నీటి సరఫరా పనుల్లో చాలా ఏళ్ళు ఉన్నాను. మీరు దాటొచ్చిన ఆ ఓవెన్స్ లోయకి పని ఉన్నా వెళ్తాను, లేకపోయినా వెళ్తాను. కాబట్టి నా సమాధానం కాస్త నీళ్ళ వైపే మొగ్గుతుంది, సర్దుకోండి.

ముందు నేల సంగతి. ఇన్యో కౌంటీ విస్తీర్ణం 10,000 చదరపు మైళ్ళు దాటుతుంది, అంటే సుమారు 26,500 చదరపు కిలోమీటర్లు. కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో కౌంటీ తర్వాత ఇదే పెద్దది. మన ఉమ్మడి అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో అక్కడి జనం 40 లక్షలు. అంతకన్నా పెద్దదైన ఇన్యోలో 2020 జనాభా లెక్కల్లో తేలింది 19,016 మంది. మున్సిపాలిటీ హోదా ఉన్న ఊరు బిషప్ ఒక్కటే, అందులోనూ నాలుగు వేలకి లోపే. కౌంటీ కేంద్రం ఇండిపెండెన్స్‌లో ఆరు వందల మంది ఉంటారేమో. అంత చిన్న ఊళ్ళో స్తంభాలతో ఠీవిగా ఒక కోర్టు భవనం కనిపిస్తుంది, చూశారో లేదో. అది నాలుగోది. మొదటిది భూకంపంలో పోయింది, రెండోది ఊరు తగలబడినప్పుడు పోయింది.

అనంతపురాన్ని ఊరికే ఎత్తలేదు. పడమటి కనుమలు నైరుతి మేఘాలని అడ్డుకోవడం వల్ల అక్కడ ఎలా కరువొస్తుందో, ఇక్కడ సియెర్రా నెవాడా కొండల వల్ల అలాగే వస్తుంది. పసిఫిక్ నుంచి వచ్చే తుఫాన్లు సియెర్రా శిఖరాల మీదే మంచునంతా దించేసి, ఇవతలికి ఉత్త చేతులతో వస్తాయి. ఓవెన్స్ లోయ అడుగున ఏడాదికి పడేది అయిదారు అంగుళాలు. ఇంకా తూర్పుకి, డెత్ వ్యాలీలో రెండు అంగుళాలు పడితే గొప్ప. అయితే శిఖరాల మీద పేరుకున్న మంచు వేసవిలో కరిగి, ప్రతి కొన్ని మైళ్ళకీ ఒక వాగుగా లోయలోకి దిగుతుంది. వాన లేని చోట నీళ్ళుండటం ఇన్యోకి వరమూ అదే, గొడవకి మూలమూ అదే. ఆ వాగులన్నీ ఓవెన్స్ నదిలో కలుస్తాయి. ఆ నదికి సముద్రం దారి లేదు. దక్షిణాన ఓవెన్స్ సరస్సులో పడి అక్కడే ఆవిరయ్యేది.

లోయకి పడమటి గోడ మీద మౌంట్ విట్నీ ఉంది, ఎత్తు 14,505 అడుగులు. అలాస్కా, హవాయి వదిలేస్తే అమెరికాలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. తూర్పున డెత్ వ్యాలీలో మీరు ఫొటోలు దిగిన బ్యాడ్‌వాటర్ సముద్ర మట్టానికి 282 అడుగుల కింద ఉంది, ఉత్తర అమెరికా మొత్తానికి అదే పల్లం. ఈ రెండిటికీ మధ్య గాలిలో కొలిస్తే 85 మైళ్ళు. రెండూ ఒకే కౌంటీలో ఉన్నాయి. లోన్ పైన్ ఊరి నడిబొడ్డున నిలబడి పడమటికి చూస్తే కొండ ఒక్కసారిగా 10,000 అడుగులు లేచినట్టు కనిపిస్తుంది. దానికి కారణం, ఇక్కడ రెండు పక్కలా కొండలు లేస్తుంటే మధ్యలో లోయ అడుగు కిందకి కుంగుతోంది. అది ఇంకా ఆగలేదు.

1872 మార్చి 26 తెల్లవారుజామున రెండున్నరకి వచ్చిన భూకంపం ఆ కుంగుబాటులో ఒక మెట్టు. లోన్ పైన్‌లో 59 మట్టి ఇటుకల ఇళ్ళుంటే 52 కూలిపోయాయి, 27 మంది చనిపోయారు. ఊరి ఉత్తరాన హైవే పక్కనే చిన్న మెట్ట మీద వాళ్ళలో కొందరిని సామూహికంగా పూడ్చిన చోటు ఉంది, కంచె వేసి ఉంటుంది. ఊరికి పడమర వైపు నేల చీలి లేచిన గట్టు ఇప్పటికీ ఉంది, మనిషి కన్నా బాగా ఎత్తు. దాని మీద చెయ్యి పెట్టి చూడొచ్చు. ఆ గట్టంతా ఆ ఒక్క రాత్రి లేచింది కాదు, అంతకు ముందు వచ్చిన భూకంపాల వాటా కూడా అందులో ఉంది.

ఇక మనుషులు. చాలా వెబ్‌సైట్లు ఈ కథని 1860ల నుంచి మొదలుపెడతాయి. నాకు అది నచ్చదు. ఈ లోయలో కాలువలు తవ్వి నీళ్ళు పారించిన మొదటి వాళ్ళు పైయూట్ జాతివాళ్ళు, తెల్లవాళ్ళు రాకముందే. బిషప్ వాగు మీద వాళ్ళ పద్ధతిని మానవ శాస్త్రవేత్త జూలియన్ స్టీవార్డ్ ముసలివాళ్ళని అడిగి రాసుకున్నాడు. వసంతంలో ఊరంతా చేరి నీళ్ళ పెత్తనానికి ఒక మనిషిని ఎన్నుకునేవాళ్ళు. రాళ్ళు, కొమ్మలు, బురదతో వాగుకి అడ్డుకట్ట వేసి, మైళ్ళ పొడవున్న కాలువలోకి మళ్ళించేవాళ్ళు. వాగుకి ఉత్తరాన ఒక మడి, దక్షిణాన ఒక మడి ఉండేవి. ఒక ఏడాది ఒకదానికి పారిస్తే మరుసటి ఏడాది రెండోదానికి, మొదటిది ఆ ఏడు బీడు. పండించేది ధాన్యం కాదు, తుంగ లాంటి మొక్కల దుంపలు, గింజలు. పంట కాలం అయిపోగానే కట్ట తెంచేసేవాళ్ళు. నీళ్ళు తీసిన కాలువలో చేపలు ఎగిరిపడుతుంటే అందరూ దిగి ఏరుకునేవాళ్ళు. మన పల్లెల్లో నీరుకట్టు పని తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు.

1861లో పశువుల మందలతో తెల్ల రాంచర్లు దిగారు. ఆ చలికాలం చాలా గట్టిగా పడింది. వేట దొరకలేదు, పైయూట్లు గింజలు ఏరుకునే మైదానాల్లో పశువులు మేసేశాయి. ఆకలితో వాళ్ళు పశువుల్ని పట్టి తిన్నారు, కాల్పులు మొదలయ్యాయి. 1862 జూలై 4న సైన్యం వచ్చి క్యాంప్ ఇండిపెండెన్స్ పెట్టింది. ఊరి పేరు అలా వచ్చిందే. ఆ తర్వాత సైన్యం చేసిన పని ఆహార నిల్వల్ని తగలబెట్టడం. 1863 జూలైలో లొంగిపోయిన 900 మందికి పైగా పైయూట్లని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముసలివాళ్ళనీ కలిపి, ఎండలో నడిపించుకుంటూ దక్షిణాన ఫోర్ట్ తెహోన్ దాకా తోలుకెళ్ళారు. చాలామంది మెల్లగా తిరిగొచ్చేశారు. వచ్చేసరికి వాళ్ళ కాలువలు వేరేవాళ్ళ పొలాల్లో పారుతున్నాయి, తామే అక్కడ కూలీలయ్యారు. 1866లో ఇన్యో కౌంటీ ఏర్పడింది.

అప్పట్లో కౌంటీకి డబ్బు తెచ్చింది గనులు. ఓవెన్స్ సరస్సు పైన కొండల్లో సెర్రో గోర్డో అనే చోట 1865లో వెండి, సీసం బయటపడ్డాయి. కరిగించిన దిమ్మెల్ని సరస్సు దాటించడానికి 1872లో బెస్సీ బ్రేడీ అనే చిన్న స్టీమర్ దించారు. అక్కడి నుంచి రెమీ నడో అనే కాంట్రాక్టరు కంచర గాడిదల బళ్ళ మీద లాస్ ఏంజెలెస్‌కి తోలేవాడు. అప్పటి లాస్ ఏంజెలెస్ చిన్న ఊరు. ఈ గనులకి బార్లీ, సరుకులు, మద్యం పంపి, వచ్చిన దిమ్మెల్ని ఓడలకెక్కించి అది బాగుపడింది. అంటే సిటీ ఇన్యో నుంచి తొలిసారి పుచ్చుకున్నది వెండి, నీళ్ళు ఆ తర్వాత. గనులు అడుగంటాక 1880లలో రైలొచ్చింది. గొర్రెలు, ఆపిల్, బేరి, గడ్డి, తేనె... లోయ నెమ్మదిగా రైతుల లోయ అయింది.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి, మీ ప్రశ్నకి సమాధానం ఇందులోనే ఉంది.

1900లో లాస్ ఏంజెలెస్ జనాభా లక్ష పైచిలుకు. ఊళ్ళో ఉన్న నది వేసవిలో సన్నబడిపోతుంది. పాత మేయర్ ఫ్రెడ్ ఈటన్‌కి ఓవెన్స్ నది మీద ఎప్పటి నుంచో కన్ను. 1904లో ఆయన వాటర్ డిపార్ట్‌మెంట్ పెద్ద విలియమ్ ముల్‌హాలండ్‌ని గుర్రపు బండి మీద తీసుకెళ్ళి చూపించాడు. ముల్‌హాలండ్ ఐర్లండ్ నుంచి వచ్చి, ఇదే సిటీలో కాలువలు శుభ్రం చేసే పనితో మొదలుపెట్టి చీఫ్ ఇంజనీరు దాకా ఎదిగిన మనిషి, కాలేజీ చదువు లేదు. ఆయనకి చూడగానే అర్థమైంది: నది సిటీ కన్నా ఎత్తులో ఉంది, ఒక్క పంపు కూడా అక్కర్లేకుండా నీళ్ళు వాలు మీదే వచ్చేస్తాయి.

అదే సమయానికి కేంద్ర ప్రభుత్వ రిక్లమేషన్ సర్వీసు (బీడు భూములకి సాగునీరిచ్చే శాఖ) ఆ లోయ రైతుల కోసమే ఒక ప్రాజెక్టు ఆలోచిస్తోంది. దాని అధికారి జె.బి. లిప్పిన్‌కాట్ ఈటన్‌కి స్నేహితుడు, సిటీ నుంచి కూడా కన్సల్టింగ్ ఫీజు తీసుకున్నవాడు. ఈటన్ లోయలో తిరిగి నది ఒడ్డు భూములకి ఒప్పందాలు రాయించుకుంటుంటే, ప్రభుత్వ ప్రాజెక్టు కోసమేనని చాలామంది అనుకున్నారు. 1905 జూలై ఆఖర్లో పేపర్లో అసలు సంగతి వచ్చింది. అప్పటికి కావాల్సిన భూములు చేతులు మారిపోయాయి. 1906లో అధ్యక్షుడు థియొడార్ రూజ్‌వెల్ట్ సిటీ వైపే మొగ్గాడు, కాలువ దారికి అనుమతి వచ్చింది, రైతుల ప్రాజెక్టు అటకెక్కింది. చెట్టు చేమ లేని లోయ నేలని కూడా నేషనల్ ఫారెస్టులో కలిపేశారు, కొత్తవాళ్ళెవరూ అక్కడ భూమి దఖలు పరచుకోకుండా.

ఇంజనీరుగా చెప్పాల్సిన మాట చెప్పాలి: ఆ కాలువ అద్భుతమైన పని. 233 మైళ్ళ పొడవు, కాలువలు, సొరంగాలు, ఎడారి లోయల్లోకి దిగి మళ్ళీ ఎక్కే ఉక్కు పైపులు, అంతా వాలు మీదే. 2.3 కోట్ల డాలర్ల బాండ్లు, 1908లో పని మొదలు, 1913 నవంబర్ 5న ప్రారంభోత్సవం. మీరుండే శాన్ ఫెర్నాండో వ్యాలీ అంచున గేట్లెత్తి నీళ్ళు దూకుతుంటే ముల్‌హాలండ్ చేసిన ప్రసంగం ఒక్క ముక్క: ఇదిగో, తీసుకోండి అని. ఆ నీళ్ళు వస్తాయని ముందే తెలిసిన పెద్దమనుషులు ఆ వ్యాలీలో చౌకగా భూములు కొని పెట్టుకున్నారు. 1915లో ఆ వ్యాలీలో చాలా భాగం సిటీలో కలిసింది, ధరలు ఆకాశానికెక్కాయి. మీ ఇల్లున్న స్థలం కథ కూడా అందులోదే.

మొదటి పదేళ్ళు లోయలో పెద్ద గొడవ లేదు. సిటీ నీళ్ళు తీసుకునేది దిగువన, ఇండిపెండెన్స్‌కి ఉత్తరాన ఉన్న తల తూము దగ్గర. ఎగువన బిషప్ చుట్టుపక్కల రైతులు తమ కాలువలు తాము పారించుకున్నారు. 1920లలో కరువొచ్చింది, సిటీ జనాభా దూసుకుపోయింది. సిటీ మనుషులు ఎగువకొచ్చి కాలువ కంపెనీల వాటాలు, వాటితో పొలాలు కొనడం మొదలుపెట్టారు. ఒక కాలువ మీద ఆధారపడ్డ రైతుల్లో సగం మంది అమ్మేస్తే మిగతా సగం ఆ కాలువని నిలబెట్టుకోలేరు. పక్క పొలం ఎండితే మన పొలం ధర పడిపోతుంది. చూస్తుండగానే ఇరుగుపొరుగులు, అన్నదమ్ములు అమ్మినవాళ్ళు, అమ్మనివాళ్ళు అని చీలిపోయారు.

1924 మే 21 రాత్రి లోన్ పైన్ దగ్గర కాలువని డైనమైట్‌తో పేల్చారు. నవంబర్ 16న డెబ్బై మంది దాకా రైతులు, వ్యాపారులు పట్టపగలే వెళ్ళి, కాలువ నుంచి మిగులు నీళ్ళు బయటికి వదిలే అలబామా గేట్లని పట్టుకుని ఎత్తేశారు. నీళ్ళన్నీ పాత నదిలోకి పోయాయి. నాలుగు రోజులు అక్కడే ఉన్నారు. ఆడవాళ్ళు పిల్లలతో, వంట సామాన్లతో వచ్చారు, వందల మంది పోగై జాతరలా అయింది. దగ్గర్లో సినిమా షూటింగ్‌కొచ్చిన కౌబాయ్ నటుడు టామ్ మిక్స్ తన బ్యాండుని పంపించాడంటారు. ఆ గేట్ల కట్టడం ఇప్పటికీ లోన్ పైన్‌కి ఉత్తరాన 395 పక్కనే ఉంది. మీరూ దాని ముందు నుంచే పోయుంటారు.

1927లో పేలుళ్ళు మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి ఇంకా పెద్దవి. అయితే రైతుల నడుం విరిచింది సిటీ పోలీసులు కాదు. ప్రతిఘటనకి నాయకులు విల్‌ఫ్రెడ్, మార్క్ వాటర్సన్ అనే అన్నదమ్ములు. కౌంటీలో బ్యాంకింగ్ అంతా దాదాపు వాళ్ళ చేతిలోనే ఉండేది. ఆగస్టులో ఇన్యో కౌంటీ బ్యాంకు తలుపులు మూతపడ్డాయి. లెక్కలు తీస్తే, జనం డిపాజిట్లని తమ సొంత కంపెనీల్లోకి మళ్ళించారని తేలింది. లోయని నిలబెట్టడానికే అలా చేశామని వాళ్ళు వాదించారు. ఊరి జ్యూరీయే దోషులని తేల్చింది, ఇద్దరూ జైలుకి పోయారు. డిపాజిట్లు పోగొట్టుకున్న రైతులకి భూమి అమ్ముకోవడం తప్ప దారి లేకపోయింది. ఈ అన్నదమ్ముల్ని కొందరు వీరులంటారు, కొందరు దొంగలంటారు. నా మటుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది.

1930ల తొలి ఏళ్ళకి లోయలో సాగు భూమిలో దాదాపు 95 శాతం, ఊళ్ళలోని ఆస్తుల్లో 85 శాతం సిటీ పేరు మీద ఉన్నాయి. అదే 1930లో లాస్ ఏంజెలెస్ జనాభా 12 లక్షలు దాటింది. మీరు చూసిన కంచెలు ఆ భూములవే. ఇప్పటికీ ఇన్యోలో సిటీకి సుమారు రెండున్నర లక్షల ఎకరాలుంది. రాంచర్లు కౌలుకి తీసుకుని పశువుల్ని మేపుకుంటారు. చాలా చోట్ల నడవడానికి, చేపలు పట్టుకోవడానికి జనాన్ని రానిస్తారు, కాబట్టి బోర్డు చూసి జంకనక్కర్లేదు, గేటు తీస్తే మళ్ళీ వేయడం మాత్రం మర్చిపోకండి.

ఓవెన్స్ సరస్సు 1920ల నడుమకే ఎండిపోయింది. 100 చదరపు మైళ్ళ పైచిలుకు అడుగు బయటపడింది, ఉప్పు, సోడా, సన్నటి మట్టి. అందులో సహజంగా ఉండే ఆర్సెనిక్ కూడా గాలికి లేస్తుంది. అమెరికాలో ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నటి ధూళికి ఒకే చోటి నుంచి వచ్చే వాటిల్లో ఇదే అతి పెద్దదని దశాబ్దాల పాటు పేరు. పాత సరస్సు ఒడ్డునున్న కీలర్ ఊళ్ళో గాలి రోజున ఎదురింటి గోడ కనిపించేది కాదు. స్థానిక గాలి కాలుష్య నియంత్రణ సంస్థ వదలకుండా పట్టుబట్టాక 1998లో సిటీ ఒప్పుకుంది, 2001 నుంచి పనులు మొదలయ్యాయి. పలచగా నీళ్ళు నిలపడం, ఉప్పు నేలలో పెరిగే గడ్డి వేయడం, కంకర పరచడం, ఇలా రకరకాలు. ఇంతవరకూ అయిన ఖర్చు 200 కోట్ల డాలర్ల పైమాటే. ధూళి చాలా వరకు తగ్గింది. నీళ్ళు నిలిపిన మడుల్లో ఉప్పు ఈగలు పెరిగాయి, ఈగల కోసం వేల పక్షులొస్తున్నాయి. సరస్సు తూర్పు ఒడ్డు రోడ్డు మీద ఏప్రిల్‌లో ఆగి చూస్తే స్ప్రింక్లర్లు, పైపులు, కంకర దిబ్బలు, వాటి మధ్య పొడుగు కాళ్ళ పిట్టలు కనిపిస్తాయి. వాసన మాత్రం కుళ్ళిన గుడ్డు వాసన.

1970లో సిటీ రెండో కాలువ కట్టింది. దాన్ని నింపడానికి లోయలో బోర్లు వేసి భూగర్భ జలాన్ని తోడారు. తరతరాలుగా పారిన ఊటలు ఎండాయి. 1972లో ఇన్యో కౌంటీ కోర్టుకెళ్ళింది. ఇరవై వేల మంది కూడా లేని కౌంటీ, దేశంలోకెల్లా పెద్ద సిటీల్లో ఒకదాని మీద వేసిన కేసు అది. సాగీ సాగీ 1991లో ఒప్పందం దాకా వచ్చింది. అందులో ఒక షరతు, ఎండిపోయిన దిగువ ఓవెన్స్ నదిలో 62 మైళ్ళ మేర మళ్ళీ నీళ్ళు వదలాలని. గడువులు దాటిపోతుంటే 2005లో జడ్జి రోజుకి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. 2006 డిసెంబర్‌లో గేట్లు తెరిచారు, 40 క్యూసెక్కులు. కృష్ణా, గోదావరి లెక్కలు వినే మనకి అది పిల్లకాలువ కూడా కాదు గానీ, ఆ కొద్దిపాటి నీళ్ళకే తుంగ, విల్లో చెట్లు, బాతులు తిరిగొచ్చాయి. ఇంకో సంగతి, నది చివర పంపులు పెట్టారు. పారిన నీళ్ళలో కొంత మళ్ళీ సిటీ కాలువలోకి, ధూళి పనులకి ఎక్కుతుంది.

పైయూట్ల లెక్క ఇంకా తేలలేదు. 1937 చట్టం కింద చెదురుమదురుగా ఉన్న వాళ్ళ భూముల్ని సిటీ తీసుకుని, బదులుగా బిషప్, బిగ్ పైన్, లోన్ పైన్‌లలో రిజర్వేషన్లకి స్థలమిచ్చింది. నీటి హక్కులు తర్వాత మాట్లాడుకుందామన్నారు. ఆ ‘తర్వాత’ అనేది ఇంకా రాలేదు.

మీరు ఆగకుండా వచ్చేశామని రాసిన మంజనార్ గురించి కూడా చెప్పాలి. ఇండిపెండెన్స్, లోన్ పైన్ మధ్య ఉంది. మొదట అక్కడ పైయూట్ ఊరుండేది. 1910లో ఆపిల్ తోటల ఊరు వెలిసింది. సిటీ కొనేశాక తోటలెండి అదీ ఖాళీ అయింది. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత 1942 ఫిబ్రవరి 19న రూజ్‌వెల్ట్ (ఈయన ఫ్రాంక్లిన్) ఇచ్చిన ఉత్తర్వుతో పడమటి తీరంలోని జపనీస్ అమెరికన్లని ఇళ్ళు వదిలించి క్యాంపుల్లో పెట్టినప్పుడు, ప్రభుత్వం వెతుక్కున్న స్థలాల్లో ఇదొకటి. భూమి సిటీదే. చదరపు మైలు లోపే 36 బ్లాకులు, ముళ్ళ కంచె, ఎనిమిది కాపలా బురుజులు, 10,000 మంది. వాళ్ళలో ఎక్కువమంది లాస్ ఏంజెలెస్ నుంచే వచ్చినవాళ్ళు, మూడింట రెండొంతులు పుట్టుకతో అమెరికా పౌరులు. తారు కాగితం చుట్టిన చెక్క షెడ్లు, 20 అడుగులకి 25 అడుగుల గదికి ఎనిమిది మంది. పచ్చి చెక్క ఎండి సందులు పడితే ఆ సందుల్లోంచి దుమ్ము లేచేది, తెల్లారి లేస్తే దుప్పటి మీద పొర. నేల చెక్కల కన్నాలకి డబ్బా మూతలు కొట్టుకుని బతికారు. 1942 డిసెంబర్ 6 రాత్రి గొడవలో సైనికులు కాల్పులు జరిపితే ఇద్దరు కుర్రాళ్ళు చనిపోయారు. 1945 నవంబర్‌లో క్యాంపు మూసేశారు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్ళకి తలా 20,000 డాలర్లిచ్చింది.

ఇప్పుడది నేషనల్ హిస్టారిక్ సైట్, ప్రవేశం ఉచితం. మ్యూజియంతో సరిపెట్టుకోకుండా కారులో లోపల చుట్టు రండి. భోజనాల షెడ్డు ముందు క్యూలో నిలబడే వాళ్ళ కంటికి కాస్త ఊరటగా ఖైదీలే కట్టుకున్న రాతి తోటలు, ఎండిన కొలనులు తవ్వి బయటపెట్టారు. సిమెంటు తడిగా ఉన్నప్పుడు కుర్రాళ్ళు గీసిన పేర్లు, తేదీలు కొన్నిచోట్ల అలాగే ఉన్నాయి. ఆపిల్ ఊరి కాలం నాటి బేరి చెట్లు కొన్ని ఇంకా పూస్తాయి. ఒకే నేల నుంచి మూడుసార్లు మూడు రకాల మనుషుల్ని లేపి పంపేశారు. ఇంత స్పష్టంగా ఆ సంగతి కనిపించే చోటు ఈ దేశంలో నేను ఇంకోటి చూడలేదు.

డెత్ వ్యాలీ మీరు చూసొచ్చారు కాబట్టి పొడిపొడిగా చెప్తాను. అక్కడ తరతరాలుగా ఉన్నది టింబిషా షోషోనీలు అనే మూలవాసులు, ఇప్పటికీ ఫర్నెస్ క్రీక్‌లో వాళ్ళ ఊరుంది. 1849లో బంగారం కోసం దగ్గర దారి వెతుక్కుంటూ దారి తప్పిన బళ్ళవాళ్ళు పెట్టిపోయిన పేరు డెత్ వ్యాలీ. 1880లలో బోరాక్స్ అనే ఖనిజం తవ్వి, ఇరవై జంతువుల బళ్ళ మీద 165 మైళ్ళు మొహావీ స్టేషన్‌కి తోలారు. 134 డిగ్రీల ఫారెన్‌హీట్ ప్రపంచ రికార్డు 1913 జూలై 10ది, కాలువ గేట్లెత్తిన ఏడాదే. ఆ కొలతని అనుమానించే వాతావరణ నిపుణులున్నారు గానీ, రికార్డు ఇంకా దాని పేరు మీదే ఉంది. 1933లో నేషనల్ మాన్యుమెంట్, 1994లో నేషనల్ పార్క్ అయింది. రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండు సరస్సు అడుగు మీద రాళ్ళు వాటంతటవే ఎలా జరుగుతాయని మీ అబ్బాయి అడిగాడన్నారు. 2014లో తేల్చారు: చలికాలం రాత్రి పలచటి నీటి మీద అద్దంలాంటి మంచు రేకు కడుతుంది, పొద్దున అది పగిలి గాలికి కదులుతూ బురదలో ఉన్న రాయిని నెడుతుంది.

కౌంటీలో ఇవాళ్టి పరిస్థితి: ప్రైవేటు చేతుల్లో ఉన్న భూమి రెండు శాతం లోపే. మిగతాదంతా కేంద్రానిది, సిటీది, కొంచెం రాష్ట్రానిది. ఇల్లు కట్టుకుందామంటే స్థలముండదు. టీచర్లు, నర్సులు ఉద్యోగం దొరికినా అద్దె ఇల్లు దొరక్క ఇబ్బంది పడతారు. బతుకుతెరువు టూరిస్టులు, ప్రభుత్వ ఉద్యోగాలు, పశువులు. సిటీ కొనకపోయి ఉంటే ఈ పాటికి లోయంతా మాల్సూ, అపార్ట్‌మెంట్లూ వచ్చేవి, సిటీయే కాపాడింది అనే మాట మీరు ఎక్కడైనా వింటారు. అందులో కొంత నిజముంది, నెవాడాలోని రెనో సిటీ వైపు చూస్తే తెలుస్తుంది. కానీ ఆ మాట నాకు ఎప్పుడూ లాస్ ఏంజెలెస్ వాళ్ళ నోటే ఎక్కువ వినిపించింది, బిషప్‌లో తక్కువ.

ఈసారి వెళ్తే ఇలా చేయండి. ఏప్రిల్ చివర్లో గానీ అక్టోబర్‌లో గానీ పెట్టుకోండి. వేసవిలో డెత్ వ్యాలీకి పిల్లలతో వద్దు. లోన్ పైన్‌లో రెండు రాత్రులు ఉండండి. ఊరి పక్కనున్న అలబామా హిల్స్ గుండ్రాళ్ళ మధ్య పొద్దున్నే తిరగండి. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం వాళ్ళు తమ యుద్ధనౌక పేరు ఆ గుట్టలకి పెడితే, ఉత్తరాది వాళ్ళు దాన్ని ముంచిన కియర్‌సార్జ్ ఓడ పేరు ఎదుటి గనికి పెట్టుకున్నారు. 1939లో హాలీవుడ్‌వాళ్ళు ఈ రాళ్ళనే బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దు కొండలుగా చూపించి సినిమా తీశారు. నడక అలవాటుంటే టటిల్ క్రీక్ వాగు పైన రాతితో కట్టిన ఆశ్రమం చూడండి. శంకరుల అద్వైతం చదివి ప్రభావితుడైన ఫ్రాంక్లిన్ మెరెల్-వోల్ఫ్ అనే అమెరికన్ తత్వవేత్త, ఆయన భార్య, శిష్యులు కలిసి ఏళ్ళ తరబడి రాళ్ళు మోసి కట్టుకున్నది, 7,600 అడుగుల ఎత్తులో.

అక్టోబర్ అయితే బిగ్ పైన్ నుంచి తూర్పుకి తిరిగి వైట్ మౌంటెన్స్ మీద బ్రిసిల్‌కోన్ పైన్ చెట్ల దగ్గరికి వెళ్ళండి. వాటిలో మెథూసెలా అనే చెట్టు వయసు 4,800 ఏళ్ళ పైనే. ఏది ఆ చెట్టో బయటికి చెప్పరు, జనం కొమ్మలు విరుచుకుపోతారని. అక్కడ ఎత్తు 10,000 అడుగులు, పిల్లలకి తలనొప్పి రావచ్చు, మెల్లగా నడిపించండి. పైన పెట్రోల్ బంకు లేదు, నీళ్ళ కుళాయి కూడా నమ్ముకోవద్దు. బిగ్ పైన్‌లోనే ట్యాంకు నింపుకుని, డబ్బాల్లో నీళ్ళు పట్టుకుని ఎక్కండి.